కరెంటు పోయొచ్చినంక మాస్టొడాన్ సర్వర్‌కి బయటి పోస్టులు వస్తలేవు

హన్మకొండ_సర్వర్:
పాత డెస్క్‌టాప్ మీద చిన్న మాస్టొడాన్ (ట్విట్టర్ లెక్కటిది, వేర్వేరు సర్వర్లు ఒకదానికొకటి పోస్టులు పంపుకుంటయి) సర్వర్, ఉబుంటు, 4 జీబీ ర్యామ్. అదే మిషన్ల విండోస్ కూడా ఉన్నది. గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చినంక మనోళ్ళ పోస్టులు మనకు మంచిగనే కనిపిస్తున్నయి. బయటి సర్వర్ల నుంచి ఒక్కటి వస్తలేదు, మనవి బయటికి పోతలేవు. సైడ్‌కిక్‌ల (పోస్టులు పంపే పనులు వరుసగా చేసే ప్రోగ్రామ్) రీట్రైలు పెరుగుతనే ఉన్నయి, అన్నీ 401 ('నువ్వెవరో రుజువు కాలే' అనే జవాబు). ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) లాగ్ చూస్తే, మన ఇన్‌బాక్స్‌కి వచ్చే బయటి సర్వర్లకు మనం ఇస్తున్నది కూడా 401నే. సర్టిఫికెట్ బాగుంది. పొద్దున 10కి రాసిన పోస్టు మీద మధ్యాహ్నం 3:30 అని పడుతుంది, అది వేరే సంగతా? రీట్రై క్యూ తుడిచేసి మళ్ళ మొదలుపెట్టాల్నా?

ఇంకొకటి, ఇది కరెంటు పోకముందు నుంచే ఉన్నది: ఒకే పోస్టు కింద వేరే సర్వర్‌ల 14 రిప్లైలుంటే మన దగ్గర 3.

కాజీపేట_లైనక్స్:
క్యూ తుడవకండి. వేరే సంగతి కాదు, అసలు సంగతే అది. పదికి మూడున్నర అంటే సరిగ్గా 5:30 గంటల తేడా. విండోస్ మదర్‌బోర్డు గడియారంల మన లోకల్ టైమ్ రాస్తది, లైనక్స్ దాన్నే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్, మనకంటే 5:30 గంటలు వెనుక) అనుకుంటది. ఇన్నాళ్ళు బూట్ అయినంక ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ తెచ్చేది) సరిచేస్తుండొచ్చు, ఈసారి దానికి నెట్ అంది ఉండదు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే తేడా ఇంత లెక్కగా రాదు, తేదీ ఏండ్ల కిందికి పోతది. కాబట్టి సీఆర్2032 బ్యాటరీ కొనే పని లేదు.

ప్రతి డెలివరీ మీద సంతకం, దాంట్లో తారీకు ఉంటయి. మాస్టొడాన్ గంట వరకే తేడా ఒప్పుకుంటది. మన గడియారం ముందున్నది కాబట్టి మన సంతకం వాళ్ళకు రేపటి చెక్కు లెక్క, వాళ్ళది మనకు గడువు తీరిన చెక్కు లెక్క. అందుకే రెండు దిక్కులా 401.

టెర్మినల్‌ల టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి 'సిస్టమ్ క్లాక్ సింక్రొనైజ్డ్' దగ్గర ఏముందో చూడండి. 'నో' ఉంటే క్రోనీ (టైమ్ కుదిర్చే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసి, రౌటర్‌ల యూడీపీ 123 (ఎన్‌టీపీ వాడే పోర్టు) బయటికి పోతుందో లేదో చూడాలె. టైమ్ కుదిరినంక హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండ్‌తో సిస్టమ్ టైమ్‌ని మదర్‌బోర్డుకు రాయండి. విండోస్ ఉంచుకునేదుంటే దాని రిజిస్ట్రీల 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' 1 పెట్టాలె, లేకుంటే మళ్ళీ ఇదే కథ.

కరీంనగర్_ఫెడి:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ముందుకెళ్ళిన గడియారంతో షెడ్యూల్ అయిన రీట్రైలు, టైమ్ సరిచేశాక ఇంకో అయిదున్నర గంటలు ఊరికే కూర్చుంటాయి. సైడ్‌కిక్ రీట్రైస్ పేజీలో 'రీట్రై ఆల్' నొక్కండి. ప్రతి ప్రయత్నానికీ సంతకం కొత్తగా పడుతుంది, పాత తారీకుతో పోదు.

401 రావడం ఒక రకంగా మేలే. మాస్టొడాన్ 401, 408 (గడువు మించింది), 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు)లకు, 500 రకం సర్వర్ తప్పులకు (501 తప్ప) మళ్ళీ ప్రయత్నిస్తుంది: 16 సార్లు, విరామం పెంచుకుంటూ, మొత్తం రెండు రోజుల పైచిలుకు. 403 (అనుమతి లేదు) లేదా 404 (దొరకలేదు) వస్తే అక్కడికక్కడే వదిలేస్తుంది. ఫైర్‌వాల్ ఇన్‌బాక్స్‌ను 403తో ఆపితే పోస్టులు చప్పుడు లేకుండా పోయేది అందుకే. మీకు రెండు రోజులు దాటకపోతే అవతలి మాస్టొడాన్ సర్వర్ల పోస్టులు వాటంతట అవే వస్తాయి. దాటినవాటికి పోస్టు లింకును మీ సెర్చ్ పెట్టెలో అతికిస్తే సర్వర్ తెచ్చుకుంటుంది.

7 వేర్వేరు రోజులు డెలివరీ విఫలమైతే అవతలి సర్వర్ మిమ్మల్ని 'అందుబాటులో లేదు' జాబితాలో వేస్తుంది. మీ సంతకం సరిగ్గా ఉన్న పోస్టు ఒక్కటి వాళ్ళ ఇన్‌బాక్స్‌కి చేరితే ఆ ముద్ర తొలగిపోతుంది. మీ వైపు ఎవరినైనా అలా వేసి ఉంటే మోడరేషన్‌లో ఫెడరేషన్ పేజీ తెరిచి ఆ డొమైన్‌కి డెలివరీ మళ్ళీ మొదలుపెట్టండి.

3 రిప్లైల సంగతి గడియారానికి సంబంధించింది కాదు. రిప్లై ఎవరికి రాశారో వాళ్ళ సర్వర్‌కి, రాసినవాళ్ళ ఫాలోవర్లున్న సర్వర్లకు పోతుంది. ఆ రిప్లై రాసినవాళ్ళను మీ దగ్గర ఎవరూ ఫాలో కాకపోతే మీకు రాకపోవచ్చు. లైకుల లెక్క తేడా కూడా ఇలాంటిదే. మాస్టొడాన్ 4.4లో రిప్లైలను వెళ్ళి తెచ్చుకునే సెట్టింగ్ వచ్చింది, 4.5 నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అప్‌గ్రేడ్ చేయండి.

హన్మకొండ_సర్వర్:
క్రోనీ పెట్టిన, 'యెస్' వచ్చింది. రీట్రైలు తగ్గుతున్నయి, బయటి పోస్టులు వస్తున్నయి. కానీ పొద్దటి మన పోస్టులు హోమ్‌ల పైననే కూర్చున్నయి, కొత్తవి వాటి కిందికి పోతున్నయి.

కాజీపేట_లైనక్స్:
పోస్టు ఐడీలనే టైమ్ ఉంటది, హోమ్ వరుస ఐడీని బట్టే. అసలు టైమ్ వాటిని దాటేదాకా, అంటే రాసినప్పటి నుంచి అయిదున్నర గంటలు, అట్లనే ఉంటయి. డేటాబేస్‌ల ఐడీలు మార్చకండి, బయటికి పోయిన లింకులు తెగుతయి. ఈలోపు రెడిస్‌ల (సైడ్‌కిక్ క్యూలు ఉండే మెమరీ డేటాబేస్) 'మ్యాక్స్‌మెమరీ పాలసీ' 'నోఎవిక్షన్' ఉందో చూడండి. రెడిస్‌కు పెట్టిన మెమరీ హద్దు నిండినప్పుడు వేరే పాలసీ ఉంటే అది క్యూలను కూడా ఖాళీ చేయొచ్చు, అప్పుడు రీట్రై చేయనీకి కూడా ఏం మిగలదు.