ట్రక్కు మీది జామర్ ఎంత దూరం పనిచేస్తది? జీపీఎస్, రేడియో రెండూ ఒకేసారి పోతయా?

సాగర్_ఆయకట్టు (మిర్యాలగూడ):
యుద్ధం వార్తల్ల క్రాసుఖా, జిటెల్ అని రష్యా జామర్ (సిగ్నళ్లను రొదతోటి ముంచే యంత్రం) బండ్ల పేర్లు చెప్తున్నరు. ఒక్క ట్రక్కు వందల కిలోమీటర్ల మేర జీపీఎస్, రేడియో, ఫోన్ అన్నీ ఆపేస్తదట. అంత దూరం ఎట్ల సాధ్యమన్నా? ఇంకొకటి, వరికి మందు కొట్టే డ్రోన్‌కు గాలిల ఉండంగ జీపీఎస్ పోతే అది జామింగా, డ్రోన్‌ల లోపమా ఎట్ల గుర్తుపట్టాలె?

రేడియో_పాలమూరు:
క్రాసుఖా-4 రాడార్ల కోసం చేసింది, దాన్ని జీపీఎస్ జామర్ అనుడు తప్పు. జీపీఎస్, శాటిలైట్ ఫోన్, సెల్ సిగ్నళ్ల పని జిటెల్‌ది. దాని పరిధి 100 మెగాహెర్ట్జ్ నుంచి 2 గిగాహెర్ట్జ్ దాకా. మన సైన్యం జామర్ వ్యవస్థ సంయుక్తను హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎల్ఆర్ఎల్ రూపొందించింది. 1.5 మెగాహెర్ట్జ్ నుంచి 40 గిగాహెర్ట్జ్ దాకా పోతది కాని ఒక్క బండి కాదు, కమ్యూనికేషన్‌కు వేరే, రాడార్లకు వేరే బండ్లున్న పెద్ద వ్యవస్థ.

ఇగ దూరం సంగతి. ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి పంపే ఎల్1 సిగ్నల్ (జీపీఎస్ ప్రధాన ఫ్రీక్వెన్సీ, 1575.42 మెగాహెర్ట్జ్) నేల మీదికి వచ్చేసరికి సుమారు మైనస్ 128.5 డీబీఎమ్ (పవర్ కొలత, మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం). అడ్డం లేకుంటే 20 కిలోమీటర్ల అవతలి 10 వాట్ల జామర్ మైనస్ 82 దగ్గర వినపడుతది. తేడా 46 డెసిబెల్స్, అంటే 40 వేల రెట్లు. కనుక జీపీఎస్‌ను ముంచనీకి కిలోవాట్లు అక్కర్లేదు. అసలు అడ్డంకి భూమి వంపే. 20 మీటర్ల మాస్ట్ (యాంటెన్నా స్తంభం) నుంచి చేతిల రేడియో పట్టుకున్న మనిషికి 24 కిలోమీటర్లే, 100 మీటర్ల ఎత్తున్న డ్రోన్‌కు 60, పది వేల మీటర్ల మీది విమానానికి 430. ఆ వందల కిలోమీటర్ల మాట విమానాల లెక్క. నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట లాంటిది నడుమ ఉంటే ఆ 24 కూడా రాదు.

దేవరకొండ_సిగ్నల్స్:
రేడియో లెక్క వేరే. జామర్ చెడగొట్టేది వినే సెట్టును, మాట్లాడే సెట్టును కాదు. మీ ఇద్దరి నడుమ 2 కిలోమీటర్లు, జామర్ 20 కిలోమీటర్ల అవతల ఉంటే గెలుపు చాలాసార్లు మీదే. దూరం సగం చేస్తే ఖాళీ జాగల 6 డెసిబెల్స్ కలిసొస్తది. అమెరికా సింక్‌గార్స్ సెట్లు 30–88 మెగాహెర్ట్జ్ నడుమ సెకనుకు 111 సార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తయి. అట్లాంటప్పుడు జామర్ బ్యాండంతా పరిస్తే ఒక్కో చానల్‌కు అందే పవర్ పల్చబడుతది, వెంటాడితే ఆలస్యమైతది. పైగా జామర్ ఆన్ చేసిన క్షణం నుంచి దిశ పట్టే యాంటెన్నాలకు దొరుకుతది. చక్రాల మీద పెట్టింది అందుకే, ఒకే తావుల నిలబడితే ఫిరంగి గుండు వస్తది.

జీపీఎస్‌కు మంచి రక్షణ యాంటెన్నాలనే ఉంది. నాలుగు ఎలిమెంట్ల సీఆర్పీఏ (జామర్ ఉన్న దిక్కు వినపడకుండ చేస్కునే యాంటెన్నా) మూడు దిక్కుల జామర్లను తొక్కిపెట్టగలదు. నాలుగోది వస్తే తట్టుకోదు.

సర్వే_హాలియా:
డ్రోన్ సంగతి. ఆర్‌టీకే (బేస్ స్టేషన్ కరెక్షన్లతోటి సెంటీమీటర్ల లెక్కన స్థానం చెప్పే పద్ధతి) ఫిక్స్ పోయి, తక్కువ కచ్చితమైన ఫ్లోట్‌కు పడితే అదొక్కటే జామింగ్‌కు గుర్తు కాదు, చాలాసార్లు బేస్ నుంచి కరెక్షన్ రేడియో తెగి ఉంటది. నిజంగ జీపీఎస్ పోతే ఆర్టీఎల్ (ఇంటికి తిరిగొచ్చే బటన్) నొక్కొద్దు. స్థానం తెల్వంది ఇంటికి ఎట్ల వస్తది? డ్రోన్‌ల ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ అయితే ఆల్ట్‌హోల్డ్ (ఎత్తు మాత్రమే పట్టుకునే మోడ్)కు మార్చి, రిమోట్ కర్రలతోటి గాలిని సరిచేస్కుంట దించాలె. ఊకుంటే ఈకేఎఫ్ (స్థానం లెక్కగట్టే ప్రోగ్రామ్) ఫెయిల్‌సేఫ్ తనంతట దింపుతది, గాలి ఎటు కొడితే అటు, కరెంటు తీగల మీదికైనా.

దించినంక డ్రోన్‌ల ఎఫ్9పీ లాంటి జీపీఎస్ రిసీవర్ ఉంటే దాని లాగ్ చూడాలె. సిగ్నల్ బలం (డీబీ-హెర్ట్జ్‌లల) 45 నుంచి 30 కిందికి పడి, ఏజీసీ (రిసీవర్ తనంతట సరిచేస్కునే గెయిన్) కూడా పడిపోతే బయటి శక్తి లోపలికి వస్తున్నట్టు. బలం పడ్డా ఏజీసీ పడకుండ అట్లనే ఉంటే, లేదా పెరిగితే, యాంటెన్నా వైరో కనెక్టరో చూడు. అన్ని ఉపగ్రహాల బలం ఒకే తీరుగ ఉండి, టైమ్ దుంకితే స్పూఫింగ్ (దొంగ జీపీఎస్ సిగ్నల్ పంపుడు) అనుమానించు.

సాగర్_ఆయకట్టు:
ఏజీసీ పడ్డదనుకో, అది డ్రోన్‌లనే పుట్టిన రొద కాదని ఎట్ల తెలుస్తది?

సర్వే_హాలియా:
ఇరవై మీటర్ల అవతల ఫోన్‌ల జీపీఎస్‌టెస్ట్ యాప్ తెరువు. ఫోన్‌ల 40 మీద ఉండి డ్రోన్‌ల 25 ఉంటే రొద మీ డ్రోన్‌దే. ప్రొపెల్లర్లు తీసేసి కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్, యూఎస్‌బీ 3 కేబుల్ ఒక్కోటి ఆపుకుంట చూడు. ఫోన్‌ల కూడా పడితే బయట ఏదో ఉంది. చవక జామర్లు ఎక్కువగ ఎల్1 మీదనే కొడతయి, ఎల్5 (జీపీఎస్ ఇంకో ఫ్రీక్వెన్సీ, 1176.45 మెగాహెర్ట్జ్) బతికుంటది. మన దేశం ఉపగ్రహాల నావిక్ కూడా ఎల్5 మీద ఉంది. కాని చాలా చిప్‌లు ముందు ఎల్1 పట్టుకున్నంకనే ఎల్5కు పోతయి, అందుకే జామింగ్‌ల రీస్టార్ట్ చేస్తే అదీ పోతది.

పరీక్ష కోసమని జామర్ కొనకు. ప్రత్యేక అనుమతి లేకుండ జీపీఎస్ బ్లాకర్ వాడుడు చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలనే చెప్పింది.