కారం, క్షారం ఒకటేనా?

ప్రశ్న (కావలి): మా పాప ఆమ్లాలు, క్షారాల పాఠం చదువుతా, "మిరపకాయ కారం కదమ్మా, అయితే అది క్షారమేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు. పెద్దలు చెప్పండి.

జవాబు (నెల్లూరు): పాప భలే పట్టుకునిందక్కా. మాట ఒకటే, వస్తువులే వేరు. క్షారం ప్రకృతి, కారం దాని వికృతి. కంసాలి వాడే వెలిగారం ఉందే, తెల్లని కారమని దాని అర్థం. అది నిజంగా క్షారగుణం ఉండేదే. సూళ్లూరుపేట దాటి తమిళనాట బడికి పోతే సైన్సు పుస్తకంలో క్షారాన్ని ఇప్పటికీ 'కారం' అనే రాస్తారు. మిరపకాయ మనకు పోర్చుగీసువాళ్లతో వచ్చింది, అంతకుముందు కారమంటే మిరియాలు, శొంఠి.

రెంటినీ కలిపింది మంట. తాంబూలంలో సున్నం ఒక రవ్వ ఎక్కువైతే నోరు పొక్కిపోతుంది. మిరియం నమిలినా మండుతుంది. మండేదాన్నల్లా పాతవాళ్లు ఒక్క మాటతోనే పిలిచారు. అయితే సున్నం చర్మాన్ని నిజంగా తినేస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ అట్టా కాదు, వేడిని కనిపెట్టే నరాలను తట్టిలేపుతుంది, కాలినట్టు అనిపిస్తుందంతే. ఆ నరాల మీద క్యాప్సైసిన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని 1997లో బయటపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యమనిపించేది సుశ్రుతసంహిత. క్షారం పెట్టి పుండ్లు కాల్చే వైద్యం అందులో ఉంది. కాల్చినచోట మంట తగ్గడానికి పుల్లటి ద్రవం పొయ్యమంటాడు సుశ్రుతుడు. ఆమ్లం కలిస్తే క్షారం తన తీక్ష్ణత వదిలేస్తుందని కారణం కూడా చెప్తాడు. తటస్థీకరణమని మనం బడిలో బట్టీపట్టింది అదే కదా!

జవాబు (ఇందుకూరుపేట): మా రొయ్యల చెరువుల కాడ ఆమ్లం, క్షారం అని ఎవరూ అనరన్నా. "పీహెచ్ పడింది, సున్నం చల్లు" అంటారు. పీహెచ్ పడిందంటే నీళ్లల్లో ఆమ్లగుణం పెరిగిందని.

జవాబు (నెల్లూరు): అదీ నిజమే. ఇంట్లో ఆడవాళ్లు చేపముక్కల్ని ఉప్పు, నిమ్మరసం వేసి రుద్ది కడిగేదీ ఈ లెక్కే. నీచు వాసనకు మూలం అమీన్లనే క్షారాలు. పులుపు తగిలితే అవి లవణాలై నీళ్లల్లోనే ఉండిపోతాయి, ముక్కు దాకా రావు. పులుసులో చింతపండు చేసేదీ అదే, రుచి సంగతి సరేసరి.

కావలి అక్కా, పాపకు చేసి చూపించండి. తెల్లగుడ్డ మీద పసుపు నీళ్లు పూసి ఆరనిచ్చి, ఒక చోట సున్నపు తేట, ఇంకో చోట మిరప నీళ్లు చుక్క వెయ్యండి. సున్నం పడిన చోట పారాణిలా ఎర్రబడుతుంది, మిరప పడిన చోట పసుపు పసుపుగానే ఉంటుంది. కారప్పొడి మాత్రం వద్దు, దాని ఎరుపే అంటుకుని మోసం చేస్తుంది. పచ్చిమిరపకాయలు దంచి వడగట్టండి.