పదో తరగతి పరీక్షలకు అన్ని సబ్జెక్టులనూ ఒకే తీరుగా చదవవచ్చా?

ప్రశ్న: ఒక తల్లి, మలక్‌పేట

అందరికీ నమస్కారం. మా అమ్మాయి వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు రాయబోతోంది. చదువులో బద్ధకం లేని పిల్ల. బడిలో స్టడీ అవర్స్ ముగించుకొని వచ్చాక కూడా పుస్తకం పట్టుకొనే కూర్చుంటుంది. అయితే గణితమైనా, జీవశాస్త్రమైనా, తెలుగైనా ఆమె చదివే తీరు ఒక్కటే. పాఠాన్ని రెండు మూడు సార్లు పైకి చదివి, ముఖ్యమనిపించిన వాక్యాల కింద రంగు పెన్నుతో గీతలు గీస్తుంది. అప్పటికప్పుడు అడిగితే చక్కగా చెబుతుంది కానీ, వారం గడిచాక అదే ప్రశ్న వేస్తే "చదివానమ్మా, గుర్తు రావడం లేదు" అంటుంది. సాంఘిక శాస్త్రంలో ఫరవాలేదు గానీ, గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ మార్కులు సగం దగ్గరే ఆగిపోతున్నాయి. ఏ సబ్జెక్టును ఎలా చదివించాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గణిత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

అమ్మా, మీ అమ్మాయి విషయంలో మీరు గమనించినదే 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలోనూ తేలింది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం, ఒకసారి చదివి పుస్తకం మూసేసి గుర్తున్నదంతా కాగితం మీద రాసుకున్నవారే ఎక్కువ చెప్పగలిగారు. కాబట్టి ఏ సబ్జెక్టుకైనా పుస్తకం మూసి రాయడం తప్పనిసరి. ఏం రాయాలన్నదే సబ్జెక్టును బట్టి మారుతుంది.

గణితంలో పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేది అధ్యాయాల వారీగా మాత్రమే లెక్కలు చేసే అలవాటని నా అభిప్రాయం. "మూడంకెల సంఖ్యల్లో 7తో నిశ్శేషంగా భాగించబడేవి ఎన్ని?" అన్న లెక్క శ్రేఢుల (ఒక నియమం ప్రకారం సాగే సంఖ్యల వరుసల) అధ్యాయంలో కనిపిస్తే, పై శీర్షిక చూసి ఏ పిల్లైనా సూత్రం రాసేస్తుంది. అదే లెక్క ప్రశ్నపత్రంలో ఎదురైతే అందులో శ్రేఢి అన్న మాటే ఉండదు. మొదటి పదం 105, చివరి పదం 994, పదాంతరం 7 అని విద్యార్థి తనంతట తాను పోల్చుకున్నప్పుడే 128 అన్న జవాబు వస్తుంది. అందుకని రోజూ శ్రేఢుల నుంచి ఒకటి, సరూప త్రిభుజాల నుంచి ఒకటి, త్రికోణమితి నుంచి ఒకటి, సంభావ్యత నుంచి ఒకటి చొప్పున లెక్కలను కలిపి చేయించండి. మొదట్లో తప్పులు ఎక్కువగానే వస్తాయి. అది చూసి కంగారు పడి పాత పద్ధతికి మళ్లకండి. తప్పు పోయిన లెక్కను ఒక నోట్సులో రాసుకొని, మూడు నాలుగు రోజుల తరువాత జవాబు చూడకుండా మళ్లీ చేయాలి.

భౌతికశాస్త్రంలో సూత్రంతో పాటు బొమ్మ కూడా చేతికి రావాలి. కుంభాకార కటకం ముందు నాభ్యంతరానికి రెండింతల దూరంలో వస్తువును ఉంచితే, ప్రతిబింబం అవతలి వైపు అంతే దూరంలో, అంతే పరిమాణంలో, తలకిందులుగా ఏర్పడుతుందని పట్టికలో బట్టీ పట్టడం కన్నా, స్కేలుతో రెండు కిరణాలు గీసి అవి కలిసే చోటును తానే కనుక్కోవడం మేలు. ఆ తరువాత ధన, రుణ గుర్తులను సరిగ్గా వేసి కటక సూత్రంతో సరిచూసుకోమనండి. చాలామందికి మార్కులు పోయేది ఆ గుర్తుల దగ్గరే.

జవాబు: జీవశాస్త్రం టీచర్, కూకట్‌పల్లి

సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. జీవశాస్త్రంలో బొమ్మనే పాఠంగా చదవాలి. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ నిర్మాణమైన నెఫ్రాన్ బొమ్మను చూడకుండా గీసి, రక్తం గ్లోమరులస్‌లో వడపోతకు గురైన దగ్గర నుంచి బౌమన్ గుళిక, సమీపస్థ సంవళిత నాళం, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళం మీదుగా సంగ్రహణ నాళం చేరేదాకా ఏ చోట ఏం జరుగుతుందో ఒక్కో వాక్యం రాయగలిగితే, మూత్రం ఏర్పడే విధానం మీద ఎలాంటి ప్రశ్న వచ్చినా జవాబు రాయవచ్చు.

జవాబు: తెలుగు పండితుడు, సికింద్రాబాద్

పైకి చదవడాన్ని పూర్తిగా మాన్పించకండి. పద్యం చెవికి పడితేనే నోటికి వస్తుంది. నోటికి వచ్చిన పద్యమే తప్పులు లేకుండా చేతికి వస్తుంది. అయితే ఛందస్సుకు చదవడం చాలదు, గురు లఘువులు గుర్తించి గణవిభజన చేసి తీరాలి. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ, చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర అని పిల్లలు విడివిడిగా వల్లిస్తారు కానీ, ఉత్పలమాల మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు ఉంచితే చంపకమాల అవుతుందని, అందువల్లనే మొదటి దానిలో పదో అక్షరం మీద ఉన్న యతి రెండో దానిలో పదకొండో అక్షరానికి జరుగుతుందని ఒకసారి కాగితం మీద చూపిస్తే ఇక మరిచిపోరు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని పద్ధతులు సరే, ఇంట్లో దొరికే రెండు మూడు గంటల్లో వీటిని ఎలా సర్దాలి?

జవాబు: నిరుడు పది పాసైన విద్యార్థి, ఉప్పల్

ఆంటీ, అన్నీ ఒకే రోజు చేయనవసరం లేదండి. నేను గణితాన్ని మాత్రం రోజూ చేసి, మిగిలినవి ఒక్కోరోజు రెండేసి చదివేవాడిని. సాంఘిక శాస్త్రానికి 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం, 2014లో తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు వంటి వాటిని వరుసగా రాసి, ఒకదాని నుంచి మరొకటి ఎందుకు వచ్చిందో నాన్నకు చెప్పేవాడిని. ఖాళీ భారతదేశ పటంలో నదులు, పీఠభూములు గుర్తించడం పడుకునే ముందు పది నిమిషాల పని. మాకు భౌతిక, రసాయన శాస్త్రాలకు ఒక రోజు, జీవశాస్త్రానికి మరో రోజు గంటన్నర చొప్పున పరీక్ష పెట్టారు కాబట్టి, వాటి పాత ప్రశ్నపత్రాలను గంటన్నరలోనే ముగించేలా రాయడం అలవాటు చేసుకున్నాను. గణితం నమూనా ప్రశ్నపత్రాన్ని ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, అంటే అసలు పరీక్ష మొదలయ్యే వేళకే, గడియారం ఎదురుగా పెట్టి రాయించండి. దిద్దే పని మీరు కాకుండా మీ అమ్మాయికే వదిలేసి, ఎక్కడెక్కడ తప్పు పోయిందో ఆ తరువాత ఆమెనే అడిగి తెలుసుకోండి.