అప్‌డేట్: వర్ధమాన దేశాల కార్పొరేట్ బాండ్లపై నేను తీసుకున్న నిర్ణయం

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నేను, రిటైర్మెంట్ పొదుపులో పదిహేను శాతాన్ని వర్ధమాన దేశాల కార్పొరేట్ బాండ్ ఫండ్‌కు (ఆ దేశాల కంపెనీలు అప్పు కోసం జారీ చేసే బాండ్లను కొనే ఫండ్) మళ్లించవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరికి ఐదు శాతంతోనే ఆగాను.

మీలో ఒకరు సూచించినట్టుగా, ఒక ఆదివారం కూర్చుని ఫండ్‌లోని బాండ్ల జాబితా మొత్తం చదివాను. బ్రెజిల్, మెక్సికో, ఇండియా ఉంటాయని ఊహించాను గానీ, సంపన్నమైన ఇజ్రాయెల్, హాంకాంగ్, దక్షిణ కొరియాల కంపెనీలు అందులో కనిపిస్తాయని అనుకోలేదు. బాండ్లన్నీ డాలర్లలో జారీ అయినవే కనుక ఆయా దేశాల కరెన్సీ పడిపోతే ఆ దెబ్బ నేరుగా నాకు తగలదు. అయితే స్థానిక కరెన్సీలో సంపాదించి డాలర్లలో అప్పు తీర్చవలసిన కంపెనీకి అది గట్టిగానే తగులుతుంది. 2021 డిసెంబరులో చైనా రియల్ ఎస్టేట్ సంస్థ ఎవర్‌గ్రాండ్ డాలర్ బాండ్లపై చేతులెత్తేసిన ఉదంతం కూడా చదివాను.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది కోవిడ్ భయంతో మార్కెట్లు కూలిన 2020 మార్చి. అప్పుడు షేర్లతో పాటే ఈ బాండ్లూ పడ్డాయి. అందుకే అమెరికా ప్రభుత్వ బాండ్ల వాటాను కదపకుండా, అమెరికన్ హై యీల్డ్ బాండ్ల (రిస్కు, వడ్డీ రెండూ ఎక్కువగా ఉండే కంపెనీ బాండ్ల) నుంచి మాత్రమే సొమ్ము తీశాను. వడ్డీపై ఏటా ఆదాయపు పన్ను పడకుండా ఫండ్‌ను ఐఆర్ఏ (అమెరికాలో పన్ను రాయితీ ఉన్న వ్యక్తిగత రిటైర్మెంట్) ఖాతాలోనే కొన్నాను.