డెడ్‌లైన్: జైలు మాటా, ప్రెస్సు మాటా?

నిశాచరి: మా ఆఫీసులో పొద్దున లేస్తే డెడ్‌లైన్ గోలే. ఈ మాట జైల్లో పుట్టిందని, గీత దాటితే కాల్చేసేవారని ఒకాయన అన్నాడు. నిజమా, వాట్సాప్ కథా?

గోదారి గట్టు: నిజమేనండీ. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరం. దుంగల ప్రహరీకి లోపలివైపు సుమారు 19 అడుగుల ఎడంలో గుంజలు పాతి, వాటి మీద సన్నటి చెక్క కొట్టారు. దాన్ని ముట్టుకున్నా పైనున్న కాపలావాడు పేల్చేవాడు. లక్ష్మణరేఖ లోపలున్నవాళ్లని కాపాడటానికి, ఇది లోపలున్నవాళ్లని చంపటానికి! పద్నాలుగు నెలల్లో 45,000 మంది ఖైదీలొస్తే దాదాపు 13,000 మంది పోయారు. ఎక్కువమంది రోగాలతో, ఆకలితోనే లెండి.

పాత కంపోజిటర్: జైలు గీత ఉంది, కాదనను. కానీ అది చోటుకి హద్దు, మనం వాడేది టైముకి. అచ్చు యంత్రం బల్ల మీదా డెడ్‌లైన్ అనే గీత ఉండేది. అది దాటిన అక్షరం కాగితం మీద పడదు. పేపరాఫీసులో వాళ్లకి జైలు దగ్గరా, మెషిన్ దగ్గరా?

గోదారి గట్టు: మెషిన్ మీద గీతా చోటే కదా సార్! పైగా ఆ వాడుక రాతల్లో కనబడేది 1910లలో. గడువు అనే అర్థమూ ఇంచుమించు అప్పుడే. కవలల్లో ఒకడు రెండోవాడికి తండ్రెలా అవుతాడు? జైలు మాట 1865లోనే పేపర్లకెక్కింది. ఆ శిబిరం అధికారి హెన్రీ విర్జ్ మీద కేసు నడిచినప్పుడు అభియోగాల్లోనే ఈ గీత ఉంది. ఆ నవంబరులో ఉరి తీశారు.

పాత కంపోజిటర్: మరి మధ్యలో యాభై ఏళ్లు ఆ మాట ఎక్కడ తిరిగింది?

గోదారి గట్టు: న్యూయార్క్‌లో! 1880లో థామస్ బర్న్స్ అనే పోలీసు అధికారి ఫుల్టన్ వీధిని డెడ్ లైన్ అన్నాడు. పేరుమోసిన దొంగ ఆ వీధి దాటి వాల్ స్ట్రీట్ బ్యాంకుల వైపు కనిపిస్తే నేరుగా లోపలే. అప్పటికి చావు పోయి, దాటకూడని హద్దు అనే అర్థం మిగిలింది. అక్కడినుంచి గడువుకి ఒక్క అడుగే అని నా లెక్క.

పాత కంపోజిటర్: వీధి సంగతి నాకు తెలీదు, బాగుంది. కానీ ఆ ఒక్క అడుగు ఎవరు వేశారో చూపించలేదుగా. ఇదీ రోడ్డే, గడియారం ఏది?