ఓబీఎం (పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్) పక్క నుంచి నీళ్లు సరిగా చిమ్మడం లేదు, ఇంజిన్ కాలిపోతోంది. పంపు పోయినట్టేనా?

పెన్నా_గట్టు, జమ్మలమడుగు:

అన్నలందరికీ నమస్కారం. మాకు మైలవరం రిజర్వాయర్‌లో వలలు వేసుకునే ఫైబర్ పడవ ఒకటుంది. తెడ్లతో లాగలేక నేనూ మా చిన్నాన్న కొడుకూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ యమహా ఇంజిన్ కొన్నాం. అమ్మినాయన సర్వీస్ చేయించే ఇస్తున్నా అన్నాడు కానీ ఏం మార్పించినాడో అడిగితే సరిగ్గా చెప్పలేదు. స్టార్టింగ్ బాగుంది, పికప్ బాగుంది, సమస్యంతా నీళ్లతోనే. ఇంజిన్ పక్కన చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాలి కదా, ఐడిల్‌లో ఉన్నప్పుడు అక్కడ కారినట్టు కారుతున్నాయి, అంతే. రేస్ ఇస్తే ధార కొంచెం పెరుగుతుంది కానీ కాసేపు పోయాక ఆ వచ్చే నీళ్లే చెయ్యి కాలేంత వేడిగా వస్తున్నాయి, ఒక్కోసారి ఆవిరి కూడా కనిపిస్తోంది. మూత తీసి హెడ్ మీద నీళ్లు చల్లితే సుయ్యిమంటోంది.

ఇక్కడ బైక్ మెకానిక్‌ను అడిగితే పంపు మార్చు అన్నాడు, ఆ పంపు ఎక్కడుంటుందో ఆయనకూ తెలీదు. ఇంకొకాయన థర్మోస్టాట్ (వేడిని బట్టి ఇంజిన్ నీళ్ల దారి తెరిచే వాల్వు) పీకి పారెయ్, కడప ఎండలకు అదెందుకు అన్నాడు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది. పంపు విప్పడం మా వల్ల అవుతుందా, లేక కోస్తా వైపు తీసుకుపోవాలా? అంతవరకు మెల్లగా నడుపుకోవచ్చా?

మోటార్_వైండింగ్_కర్నూలు:

బోటు ఇంజిన్లు నా పని కాదు, నావన్నీ మోనోబ్లాకులూ సబ్‌మెర్సిబుల్‌లూ. కానీ పంపు అంటున్నావు కాబట్టి ఒక మాట చెప్తా. ఒకసారి సుంకేసుల దగ్గర ఒకాయన ఇలాంటి పంపు విప్పి తెస్తే చూసినా. మన పొలం పంపులో ఇనుప ఇంపెల్లర్, అంటే నీటిని తోసే రెక్కల చక్రం, కేసింగ్‌కు తగలకుండా తిరుగుతుంది, నీటిని విసిరేస్తుంది. ఇందులో రబ్బరు ఇంపెల్లర్, రెక్కలు వంగి గోడకు ఒత్తుకొని తిరుగుతాయి. ఇరుసు గూడుకు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందుకే ఒకవైపు రెక్కలు విచ్చుకొని నీటిని గుంజుకుంటాయి, అవతలి వైపు నలిగి పైకి తోస్తాయి. ఈ లెక్కన రెక్క కొన అరిగినా, గోడ గీతలు పడినా తక్కువ స్పీడ్‌లో ప్రెషర్ నిలవదు. స్పీడ్ పెరిగితే రెక్కలు గోడను వదిలి ముడుచుకుంటాయి, అప్పుడు అది కూడా మన సెంట్రిఫ్యూగల్ మాదిరే నీటిని విసురుతుంది. నువ్వు చెప్పిన ఐడిల్‌లో కారడం, రేస్ ఇస్తే పెరగడం దానికి సరిపోతోంది. మిగతాది తెలిసినవాళ్లు చెప్తారు.

ఇంకొకటి, నీళ్లు లేకుండా ఒడ్డు మీద స్టార్ట్ చేసి చూపించినాడా అమ్మినాయన? ఆ రబ్బరుకు నీళ్లే ఆయిల్. పొడిగా తిప్పితే నిమిషం కూడా పట్టదు, రెక్కలు మాడిపోతాయి.

పెన్నా_గట్టు:

చూపించినాడన్నా! వాళ్ల ఇంటి ముందరే, స్టాండ్ మీద పెట్టి, రేస్ ఇచ్చి మరీ చూపించినాడు. మేము సౌండ్ బాగుందని సంబరపడినాం.

కోస్తా_మెకానిక్:

సౌండ్ బాగుంటుంది తమ్ముడూ, అక్కడే పని అయిపోయింది. నేను కాకినాడ హార్బర్‌లో ఓబీఎంల మీద చేసి ఇప్పుడు కడపలో ఉంటున్నాను కాబట్టి వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువుకో. ముందు చివరి ప్రశ్నకు జవాబు: నడపొద్దు. మెల్లగా కూడా వద్దు, ఎందుకంటే నీ పంపు వీక్‌గా ఉన్నదే మెల్లగా తిరిగేటప్పుడు. టూ స్ట్రోక్‌లో వేడి ఎక్కువైతే పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది, ఆ రిపేరు ఖర్చు ముందు పంపు కిట్ ధర చిల్లర కింద లెక్క.

అలాగని నేరుగా పంపు విప్పొద్దు. ఆ చిమ్మే రంధ్రంలోకి సన్నటి నైలాన్ తీగ, మీ వల దారమే కొంచెం మందంది, దూర్చి చూడు. మట్టి గూడు కట్టి, పంపు బాగున్నా అక్కడ ధార రాకపోవడం మామూలే. అక్కడ వచ్చేది మొత్తం నీళ్లు కాదు, చాలా చిన్న పాయ, అసలు నీళ్లన్నీ పొగతో కలిసి కిందికి పోతాయి. నీ ఇంజిన్ నిజంగానే వేడెక్కుతోంది కాబట్టి ఇదొక్కటే కారణం అయ్యుండదు, కానీ ఒక్క నిమిషం పని, చేసి పక్కన పెట్టు. తర్వాత ఫ్యాను (నీళ్లలో తిరిగి పడవను తోసేది) పైన గేర్‌కేస్‌కు (ఇంజిన్ అడుగున గేర్లుండే భాగం) రెండు వైపులా జల్లెడ లాంటి కంతలుంటాయి, నీళ్లు లాగేది అక్కడే. ప్లాస్టిక్ కవరు, నాచు, తెగిన వల ముక్క ఏదైనా అతుక్కుందేమో చూడు. ఇంజిన్ ఎత్తు కూడా చూడు. ఫ్యాను మీద పళ్లెంలా అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందగానో ఉండాలి. లాంగ్ షాఫ్ట్ (పొడవు కాలు) ఇంజిన్ కావాల్సిన పడవకు షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు) ఇంజిన్ తగిలించి, స్పీడ్‌లో కంతలు గాలి పీల్చి కాలిపోయిన ఇంజిన్లు చూశాను. అయితే అలాంటప్పుడు ఐడిల్‌లో ధార బాగుండి స్పీడ్‌లో పోతుంది, నీది తిరగేసి ఉంది.

ఇవన్నీ బాగుంటే పంపే. గేర్‌కేస్ పైన కూర్చుని ఉంటుంది, పై నుంచి దిగే డ్రైవ్ షాఫ్ట్ దాని మధ్యలోంచే పోతుంది, షాఫ్ట్‌కు చిన్న కీ ఉండి ఇంపెల్లర్‌ను తిప్పుతుంది. విప్పాలంటే ఇంజిన్ మొత్తం దించక్కర్లేదు, కింది గేర్‌కేస్ ఒక్కటే ఊడదీయాలి. స్పార్క్ ప్లగ్ వైర్లు పీకేసి మొదలుపెట్టు. గేరు రాడ్ జాయింట్ విప్పేముందు గేరు ఎందులో ఉందో ఫోటో తీసుకో, లేకపోతే బిగించాక న్యూట్రల్ ఎక్కడుందో వెతుక్కోవాలి. బోల్టులు పట్టేసి ఉంటే బలం చూపించకు, అల్యూమినియంలో స్టీల్ బోల్టు విరిగితే నీ సరదా తీరిపోతుంది. డీరస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున కొంచెం వేడి చూపించి తిప్పు.

పంపు హౌసింగ్ ఎత్తాక ఇంపెల్లర్ ఒక్కటే చూడకు. దాని చుట్టూ స్టీల్ కప్పు, కింద ప్లేటు ఉంటాయి, వాటి మీద గోరు పెట్టి గీకితే గోరు తట్టుకునేంత గీతలుంటే కొత్త రబ్బరు వేసినా లాభం లేదు. మధ్యలో బుష్‌నుంచి రబ్బరు ఊడిపోయిందేమో కూడా తిప్పి చూడు, చూడటానికి రెక్కలన్నీ బాగుంటాయి, లోడ్ పడగానే బుష్ ఒక్కటే తిరిగి రబ్బరు నిలబడిపోతుంది. కిట్‌లో అన్నీ కలిపే వస్తాయి, చెన్నై నుంచి తెప్పించుకో, మోడల్ కోడ్ బ్రాకెట్ మీద ప్లేటు మీద ఉంటుంది.

సంగమేశ్వరం_పుట్టి:

పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ థర్మోస్టాట్ సంగతి వదిలేసినాడు. మాది పాత కర్నూలు జిల్లా, శ్రీశైలం బ్యాక్‌వాటర్. డ్యామ్‌లో 885 అడుగులకు నీళ్లు నిండితే సంగమేశ్వరుడి గుడి కూడా మునిగే ఉంటుంది, మాకు ఏ బాధా లేదు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి గుడి బయటపడే రోజుల్లోనే పంపులన్నీ పోతాయి. లోతు ఉండదు, ఫ్యాను బురదను లేపుతుంది, ఆ బురదనే పక్కనున్న కంతలు గుంజుతాయి. సముద్రంలో ఉప్పు పేరుకుంటుందంటారు, మనకు ఆ బాధ లేకపోయినా ఈ ఒండ్రు తక్కువదేం కాదు, రెక్కలను గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు తినేస్తుంది. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇంజిన్ ఆపి, పైకి ఎత్తి, తెడ్డుతో రండి. మా వాళ్లకు ఎంత చెప్పినా వినరు, ఒడ్డు తగిలేదాకా ఇంజిన్ మీదే వస్తారు.

థర్మోస్టాట్‌కు వస్తే, మేమందరం పీకేసే నడుపుతున్నాం. ఇంజిన్‌కు ఏమీ కాలేదు. కోస్తా అన్న ఏమంటాడో.

కోస్తా_మెకానిక్:

పీకొద్దనే అంటాను. ఎండ ఎంతైనా రిజర్వాయర్ నీళ్లు ఇంజిన్‌కు చల్లగానే ఉంటాయి, నలభై డిగ్రీల ఎండలో కూడా. ఇంజిన్ పనిచేయాల్సిన వేడి వేరు. థర్మోస్టాట్ మూసి ఉండి, లోపల నీళ్లు తగినంత వేడెక్కాక తెరుచుకుంటుంది. చాలా ఓబీఎంలలో 50, 60 డిగ్రీల మధ్య. పీకేస్తే వలలు వేస్తూ గంటలు గంటలు మెల్లగా తిరిగేటప్పుడు ఇంజిన్ చల్లగానే ఉండిపోతుంది, పెట్రోలు, ఆయిల్ సరిగ్గా కాలవు, ప్లగ్గులు నల్లబడతాయి, కార్బన్ పేరుకుంటుంది. మీరు ప్లగ్గులు ఎన్నిసార్లు మారుస్తున్నారో చూసుకోండి, ఏమీ కాలేదనే మాట అప్పుడు మాట్లాడుకుందాం.

మూసుకుని పట్టేసిన థర్మోస్టాట్ మాత్రం నిజంగానే ఇంజిన్‌ను కాల్చేస్తుంది. తమ్ముడూ, నీది విప్పి దారంతో గిన్నెలో వేలాడదీసి నీళ్లు కాచు, తెరుచుకుంటే మళ్లీ పెట్టు, లేకపోతే కొత్తది కొను.

సంగమేశ్వరం_పుట్టి:

ప్లగ్గులు మార్చడం నిజమే అన్నా, అది ఆయిల్ ఎక్కువ కలపడం వల్ల అనుకుంటున్నాం. సరే, ఒక పడవకు పెట్టి చూస్తాం. మా వాళ్లు ఒప్పుకోవాలి కదా.

పెన్నా_గట్టు:

అన్నలూ, విప్పినాం. ఒక బోల్టు చాలా ఏడిపించింది కానీ విరగలేదు. చిమ్మే రంధ్రం బాగానే ఉంది, కంతల్లో కొంచెం నాచు. హౌసింగ్ ఎత్తితే ఇంపెల్లర్ రెక్కలన్నీ ఒకవైపుకు వంగి గట్టిపడిపోయినాయి, వేలితో లేపితే మళ్లీ అదే వంపుకు పోతున్నాయి. రెండు రెక్కలు మొదలంటా లేవు. కప్పులో గోరు తట్టుకుంటోంది. సర్వీస్ చేయించినా అన్న మాట గుర్తొచ్చి మా చిన్నాన్న కొడుకు అన్న మాటలు ఇక్కడ రాయలేను. థర్మోస్టాట్ గిన్నెలో వేస్తే తెరుచుకుంది. కిట్‌కు చెన్నైలో ఆర్డర్ పెట్టినాం. కొత్తది వచ్చాక అట్లే బిగించేయొచ్చా?

కోస్తా_మెకానిక్:

ఆగు అబ్బీ. ఆ లేని రెండు రెక్కలు ఎక్కడున్నాయి? అవి నీళ్లతో కలిసి పైకి పోయుంటాయి. పంపు నుంచి పైకి పోయే రాగి గొట్టంలోనో, పైన ఇంజిన్ నీటి దారుల్లోనో, థర్మోస్టాట్ కిందనో ఇరుక్కుని ఉంటాయి. అవి తీయకుండా కొత్త పంపు పెడితే ఒక సిలిండర్‌కు నీళ్లు అందక అదొక్కటే కాలిపోతుంది, పైకి ధార మాత్రం బ్రహ్మాండంగా చిమ్ముతుంది. గొట్టంలోకి పై నుంచి కిందికి నీళ్లు కొట్టు, థర్మోస్టాట్ ఎలాగూ విప్పావు కాబట్టి అటు నుంచి కూడా కొట్టు. బయటికి వచ్చిన ముక్కలను పాత ఇంపెల్లర్ పక్కన పెట్టి రెక్కలు పూర్తయ్యాయో లేదో చూసుకో. పూర్తికాకపోతే హెడ్ కవర్ విప్పాల్సిందే, కొత్త గ్యాస్కెట్ కూడా తెప్పించుకో.

బిగించేటప్పుడు ఇంపెల్లర్‌కు సబ్బు నీళ్లు రాయి, ఇంట్లో ఉండే గ్రీజు వద్దు, పెట్రోలియం గ్రీజుకు కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి. షాఫ్ట్‌ను పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ హౌసింగ్‌ను కిందికి నొక్కు, రెక్కలు వాటంతటవే సరైన వైపుకు పడుకుంటాయి. కీ పడిపోకుండా ఒక చుక్క గ్రీజుతో అతికించుకో, షాఫ్ట్ మీద అంత గ్రీజు పర్లేదు. గేర్‌కేస్ పైకి ఎక్కించేటప్పుడు రాగి గొట్టం సరిగ్గా హౌసింగ్ రబ్బరు రింగులోకి దిగిందో లేదో టార్చి వేసి చూడు. కొత్త పంపు వేశాక చుక్క నీళ్లు రావడం లేదని ఫోన్లు చేసేవాళ్లలో సగం మంది గొట్టాన్ని పక్కకు దించినవాళ్లే. షాఫ్ట్ పళ్లకు పక్కల గ్రీజు రాయి, పై కొన మీద మాత్రం పెట్టకు, లోపల గ్రీజు ఒత్తుకుని షాఫ్ట్ పూర్తిగా పైకి ఎక్కదు. గేర్ ఆయిల్ కూడా కొంచెం వదిలి చూడు, పాల రంగులో ఉంటే సీల్ పోయింది, అది వేరే పని.

పెన్నా_గట్టు:

ఒక పెద్ద ముక్క గొట్టంలోనే దొరికింది, రెండోది థర్మోస్టాట్ కింద రెండు తునకలుగా. కలిపి పెడితే సరిపోయింది, ఎక్కడా తక్కువ లేదు. గేర్ ఆయిల్ నల్లగా ఉంది కానీ పాలరంగు లేదు, మార్చేస్తాం. కిట్ వచ్చాక నీలం డ్రమ్ములో పెట్టి నడిపి చూడొచ్చా, లేక నేరుగా రిజర్వాయర్‌లోనే దించాలా?

కోస్తా_మెకానిక్:

డ్రమ్ములో చూడు, అదే మంచిది. ఫ్యాను పీకేసి పెట్టు, కంతలు మునిగేదాకా నీళ్లు ఉండాలి, పక్కన పైపు వదిలి ఉంచు, నీళ్లు త్వరగా వేడెక్కి నురగ కడతాయి. ఐడిల్ మీదనే చూడు, అక్కడ రేస్ ఇవ్వొద్దు. ధార రాగానే సరిపోదు, ఐదు నిమిషాలు నడిచాక హెడ్ మీద చెయ్యి పెట్టు. కాసేపైనా ఉంచగలిగితే రిజర్వాయర్‌కు పో.