ఇన్నోవా 2.5 డీజిల్, 3.8 లక్షల కిలోమీటర్లు: వేడెక్కాక ఆయిల్ లైటు మినుకుమంటోంది, ఇంజన్ దించాల్సిందేనా?

గోదారి_డీజిల్

2008 మోడల్ ఇన్నోవా, 2.5 డీ-4డీ. మీటరు 3,80,000 దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు నాలుగైదు సెకన్లు వెలిగి ఆరుతోంది. ఇదివరకు ఇంజన్ అందుకోగానే ఆరేది. నలభై యాభై కిలోమీటర్లు తిరిగాక సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్‌లో మినుకుమినుకుమంటోంది, కాస్త ఎక్సలేటర్ తొక్కితే పోతోంది. ఇంజన్ చప్పుడు మామూలుగానే ఉంది. ఆయిల్ 15డబ్ల్యూ-40, మార్చి 6,000 కిలోమీటర్లయింది, డిప్‌స్టిక్‌లో పై గీతకు కొంచెం కింద ఉంది.

ఒక మెకానిక్ ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే సరిపోతుందన్నారు. ఇంకొకరు బేరింగులు అరిగాయి, ఇంజన్ దించి క్రాంకు గ్రైండింగ్ చేయించాలన్నారు. ముందు ఏది చూడాలి? ఈలోగా బండి నడపొచ్చా?

పానా_14

నడపొద్దండి. ఆయిల్ ప్రెషరు స్విచ్చే పాడైందని తేలేదాకా ఆ లైటు నిజమే చెబుతోందనుకోవాలి. ఈ స్విచ్చులు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.5 కేజీల మధ్య పనిచేస్తాయి. అంటే లైటు వెలిగేసరికే ప్రెషరు దాదాపు అయిపోయి ఉంటుంది. ఆరినంత మాత్రాన సరిపడా ఉందనీ చెప్పలేం.

ముందు ఐదు నిమిషాల పని. స్విచ్ కనెక్టర్ పీకి తాళం ఆన్ చేయండి, లైటు వెలగకూడదు. వెలిగితే ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. వైరు కొసను ఇంజన్ బ్లాకుకు ఆనిస్తే వెలగాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే మామూలు ముల్లు గేజి బిగించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. టొయోటా స్విచ్చుకు ఉండేది 1/8 బ్రిటిష్ టేపర్ మర, అంగుళానికి 28 చుట్లు. బజార్లో దొరికే గేజి కిట్లలో చాలావాటికి అమెరికన్ మర అడాప్టర్ వస్తుంది, దానికి 27. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి పట్టేస్తుంది. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే బ్లాకులో మర పోతుంది. గేజి 0-7 కేజీలది తీసుకోండి. 0-25ది అయితే ఐడ్లింగ్ దగ్గర ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు.

చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా కాగాక ఒకసారి చూడాలి. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాగానే ఆయిల్ కూడా కాగిందనుకోకండి, 80 డిగ్రీలకు చేరడానికి దానికి ఇంకా పది పదిహేను నిమిషాలు పడుతుంది. కాగిన ఇంజన్‌కు ఐడ్లింగ్‌లో కనీసం 0.3, 3,000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 2.5 కేజీలు రావాలి.

చల్లగా బాగుండి, వేడిలో ఐడ్లింగ్‌లో మాత్రమే తగ్గి, రేజింగ్ ఇస్తే పూర్తిగా లేస్తే అనుమానం బేరింగు గ్యాపు మీదకు, లేదా పలచబడ్డ ఆయిల్ మీదకు పోతుంది. పంపు తోసేది ఆయిల్‌ని. ఆ ఆయిల్‌కు బేరింగుల సందుల్లో ఎదురయ్యే అడ్డే ప్రెషరు. సందు రెట్టింపైతే అదే ప్రెషరుకు కారిపోయే ఆయిల్ ఎనిమిది రెట్లవుతుంది, అందుకే కంటికి కనపడని అరుగుదలకే ముల్లు పడిపోతుంది. చల్లగానూ వేడిగానూ, ఏ ఆర్‌పీఎంలోనైనా తక్కువే ఉంటే పంపు, లేదా తెరుచుకుని ఇరుక్కున్న రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెషరును వదిలేది). రేజింగ్ ఇచ్చినప్పుడు లేచి, అక్కడే పట్టి ఉంచితే దిగిపోతుంటే పంపుకు కింద నుంచి ఆయిల్ అందడం లేదు.

డిప్‌స్టిక్ వాసన కూడా చూడండి. డీజిల్ వాసన వచ్చినా, పోయకుండానే లెవెల్ పెరుగుతున్నా చెప్పండి.

గోదారి_డీజిల్

వైరింగ్ బాగుంది. గేజి రీడింగులు ఇవి. చల్లగా ఐడ్లింగ్‌లో 2.8, కానీ ముల్లు లేవడానికే ఐదు సెకన్లు. కాగాక ఐడ్లింగ్‌లో 0.25, 2,000 దగ్గర 1.9. 3,000 దగ్గర 2.2 దాకా లేచి, పట్టి ఉంచితే వణుకుతూ 1.6కి దిగింది. డీజిల్ వాసన లేదు, లెవెల్ పెరగలేదు.

నాజిల్_వాషర్

బేరింగులు మాత్రమే అరిగి ఉంటే 3,000 దగ్గర ముల్లు అలా జారదు. మీ రీడింగు జాలి వైపు చూపిస్తోంది. ఛాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ పీల్చే పైపు కొసన ఉండే స్ట్రైనర్ జాలి మూసుకుపోయి ఉంటుంది. ఈ కేడీ సిరీస్ ఇంజన్లలో అలా ఎందుకవుతుందో తెలుసుకోకుండా జాలి కడిగి బిగిస్తే మళ్లీ అదే కథ.

ఇంజెక్టర్ కింద రాగి వాషర్ ఉంటుంది. అది పట్టు వదిలితే కంప్రెషన్ గ్యాసు మసితో సహా ఇంజెక్టర్ పక్కనుంచి రాకర్ కవర్ లోపలికి ఊదుతుంది. ఆ మసి ఆయిల్‌లో కలిసి, గట్టిపడి, తారు పెళ్లల్లా జాలికి అతుక్కుంటుంది. ఆయిల్ ఎంత క్రమం తప్పకుండా మార్చినా ఆ పెళ్ల అక్కడే ఉంటుంది.

ఛాంబర్ దించకముందే చూసే మార్గం ఉంది. ఆయిల్ తీసేసి, డ్రెయిన్ రంధ్రంలోంచి ఫోనుకు తగిలించే సన్నని కెమెరా పంపండి. అల్లిక గళ్లు విడివిడిగా కనిపించాలి. నల్లటి చర్మం కప్పినట్టు కనిపిస్తే సందేహం తీరినట్టే.

పాత ఫిల్టర్‌ను రేకు కత్తెరతో కోసి (హాక్సా వద్దు, దాని రజనే లోపల పడి మోసం చేస్తుంది) కాగితం మడతలు విప్పి, తెల్లటి ట్రేలో డీజిల్‌తో కడగండి. గరుకు నల్ల నలకలు మసి. మిలమిలలాడుతూ అయస్కాంతానికి అంటనివి బేరింగు లోహం. అంటుకుంటే ఉక్కు.

ఛాంబర్ దించాక జాలిని నానబెట్టి కడగడం కంటే పైపుతో సహా కొత్తది వేయడం నయం, లోపలి మడతల్లో పెళ్లలు మిగిలిపోతాయి. పైపు ఫ్లాంజి గాస్కెట్ కొత్తదే వేయండి, అక్కడ గాలి పీల్చినా ముల్లు ఇలాగే వణుకుతుంది. రిలీఫ్ వాల్వు ప్లంజర్‌ను ఆయిల్ రాసి రంధ్రంలో వదిలితే తన బరువుకే జారాలి.

తర్వాత నాలుగు ఇంజెక్టర్లూ తీయండి. చుట్టూ నల్లటి తారు ఉన్నది దొంగ, కానీ వాషర్లు నాలుగూ మార్చాలి. పాత వాషర్ ఒకటి కింద అంటుకుపోయి ఉండగానే దానిమీద కొత్తది పెట్టేయడం తరచూ జరిగే తప్పు. సీటు మీద మసి పూర్తిగా గీకి, ఏ సిలిండర్ ఇంజెక్టర్‌ను ఆ సిలిండర్‌లోకే బిగించాలి. క్లాంపు బోల్టులకు టార్కు రెంచి వాడాలి.

ఇంజన్ ఫ్లష్ మాత్రం పోయకండి! గోడలకు పట్టి ఉన్న మసి ఒక్కసారిగా ఊడి మిగిలిన గళ్లు కూడా మూసేస్తుంది.

మైక్రాన్_లెక్క

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. ఆయిల్ సరిగా అందకుండా ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో తెలియదు కాబట్టి, ఛాంబర్ తెరిచిన రోజే కనీసం రెండు బిగ్ఎండ్ క్యాపులు (కనెక్టింగ్ రాడ్డును క్రాంకుకు పట్టి ఉంచేవి) విప్పి చూడండి. బూడిదరంగు పూతలోంచి ఎర్రటి రాగి కనిపిస్తే ఆ షెల్ (బేరింగు సగం ముక్క) పనైపోయింది. పూత బాగుంటే ప్లాస్టిగేజి దారం (నలిగిన వెడల్పును బట్టి సందు ఎంతో చెప్పేది) పెట్టి క్యాపు బిగించి కొలవండి. బిగించాక క్రాంకు తిప్పొద్దు. సందు 0.1 మి.మీ. దాటితే షెల్స్ మార్చాల్సిందే. క్రాంకుకు గీతలు లేకుండా, మైక్రోమీటరుతో కొలిస్తే సైజులోనే ఉంటే కొత్త స్టాండర్డ్ షెల్స్ చాలు, గ్రైండింగ్ అక్కర్లేదు.

20డబ్ల్యూ-50 పోస్తే వేడిలో ఐడ్లింగ్ రీడింగు కాస్త పెరిగి లైటు ఆరొచ్చు. కానీ చిక్కటి ఆయిల్ మూసుకున్న జాలిలోంచి ఇంకా కష్టంగా వస్తుంది. పొద్దున ఐదు సెకన్లు ఎనిమిదవుతాయి, టర్బో బేరింగు అంతసేపూ ఎండిపోయి తిరుగుతుంది.

ఛాంబర్ బిగించేటప్పుడు సీలెంట్ సన్నగా, తెగకుండా గీయండి. ఎక్కువ రాస్తే లోపలికి పొంగిన ముక్క విరిగి కొత్త జాలికే చేరుతుంది. రాసిన 3 నిమిషాల్లో ఛాంబర్ పెట్టాలి, 15 నిమిషాల్లో బోల్టులన్నీ బిగించాలి, కనీసం 2 గంటలు ఆయిల్ పోయకూడదు. ఫిల్టర్‌ను ఆయిల్‌తో నింపి ఎక్కించండి. ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి, మధ్యలో సెల్ఫ్ మోటారుకు ఊపిరి తీసుకోనివ్వండి. గేజి ముల్లు లేచాకే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. గేజిని అప్పుడే విప్పకండి, కాగాక 3,000 దగ్గర అర నిమిషం పట్టి చూడండి. ఆ ఆయిల్, ఫిల్టర్ 1,000 కిలోమీటర్లకే మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడండి.